మున్షీ చదవని ఫైలు

సంతోషమ్మ ఆ సమయంలో ప్రార్థనలో ఉందనడానికి వార్డు వార్డంతా సాక్షులే. చిక్కల్లా ఏమిటంటే, ఆ సాక్షులందరూ అప్పుడు కళ్ళు మూసుకుని ఉన్నారు.

“గిదేం సాక్ష్యం మమతమ్మా?” సీఐ పర్శరాములు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “కండ్లు మూసుకున్నోళ్లు ఏం చూస్తరు? ఈమె మెల్లగ లేశి, కంప్యూటర్ దగ్గరికి వచ్చి, పని చేసుకొని, మళ్ల పోయి మోకాళ్ల మీద కూసున్నా ఎవలకు ఎరుక?”

డిటెక్టివ్ మమతారాణి కూడా సరిగ్గా అదే ఆలోచిస్తోంది, చిరాకంతా అందుకే. ఒకప్పుడు ఈ పర్శరాములు కిందే ఎస్సైగా చేసి, ఆయనతో పొసగక నౌకరి వదిలేసి, కరీంనగర్‌లో సొంత ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ఆమె. ఆయన మాట నిజమని ఒప్పుకోవాల్సి వస్తే ఆ పూట ఆమెకు అన్నం సహించదు.

లక్సెట్టిపేట తబితా ఆస్పత్రిలో నర్సుల గది అది. జరిగింది చెప్పుకుంటే చిన్నదే. ముత్తయ్య అనే పెద్దమనిషి కాలి పుండుతో చేరాడు. తనకు పెన్సిలిన్ పడదని ఆయన చేరేటప్పుడే చెప్పాడు, హెడ్ నర్స్ సంతోషమ్మే ఆ మాట కంప్యూటర్‌లో ఎక్కించింది. బుధవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ ఆ మాట మాయమైంది. దాని చోట ‘టెస్ట్ డోస్ ఇచ్చాం, పడింది’ అన్న మాట వచ్చి కూర్చుంది. మార్చింది ఎవరయ్యా అంటే కంప్యూటర్ సంతోషమ్మ పేరే చూపిస్తోంది. ప్రార్థన నుంచి లేచి వచ్చిన చిన్న నర్సు మహిమ, తెర మీద ఉన్నది నమ్మి సూది వేసింది. ముత్తయ్య గొంతు మూసుకుపోయింది. చావు తప్పి కరీంనగర్‌లో పెద్దాస్పత్రికి చేరాడు.

ఆ ముత్తయ్య మామూలు రోగి కాడు. దొంగ వీసాలతో చెన్నూరు వైపు పిల్లల్ని మస్కట్ తోలిన ఏజెంట్ మొండయ్య మీద కేసులో ఆయనే పెద్ద సాక్షి. సోమవారం కోర్టులో నోరు విప్పాలి. సంతోషమ్మ కొడుకు వెస్లీ దోహా పోయింది ఆ మొండయ్య చేతుల మీదుగానే. పర్శరాములుకు ఇంకేం కావాలి? సాయంత్రానికి ఆమెను స్టేషన్‌కు తీసుకుపోతానని పొద్దున్నే చెప్పేశాడు. ఆలోగా ఏదైనా తేల్చమని సూపరింటెండెంట్ డాక్టర్ ఆశీర్వాదం మమతారాణిని పిలిపించాడు.

“సంతోషమ్మక్కా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు,” మమతారాణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “నీ పాస్‌వర్డ్ ఎవలకన్నా చెప్పినవా?”

“లేదమ్మా. ఎవలకూ చెప్పలే.” యాభై దాటిన ఆ మనిషి చేతులు ఒడిలో పెట్టుకుని, ఒక వేలితో ఇంకో వేలు నలుపుకుంటోంది.

“మొండయ్య ఫోన్ చేసిండా?”

“నెలకోపారి చేస్తడు. కొడుకు మంచిగున్నడా అని అడుగుతడు.”

“గంతేనా?”

“గంతేనమ్మా.” కానీ ఆ మాట అనే ముందు ఆమె ఒక్క క్షణం ఆగింది. పర్శరాములు కూడా ఆ ఆగడం చూశాడు. మమతారాణికీ అనుమానం వచ్చింది. ఈమె ఏదో దాస్తోంది.

ఆమె లేచి కంప్యూటర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. పాత మానిటర్, కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు, పక్కన దూది డబ్బా. మౌస్ కింద ఏమీ లేదు. కానీ బల్ల పైన గోడకు వరసగా రంగు కార్డులు అంటించి ఉన్నాయి. ఒక్కో కార్డు మీద ఒక వాక్యం, కింద అధ్యాయం, వచనం నంబర్లు. ఒక్కో దాని పక్కన పెన్నుతో ఒక్కో నర్సు పేరు.

“ఇవేంది డాక్టర్ సాబ్?”

“వాగ్దానపు కార్డులు,” అన్నాడు ఆశీర్వాదం. “కొత్త సంవత్సరం ఆరాధనల తలా ఒకటి తీస్తరు. ఎవలకు ఏ వాక్యమొస్తే ఏడాదంత అది వాళ్లది. లేశి నిలవడి, అందరి ముంగట గట్టిగ చదువుతరు కూడ.”

మమతారాణి కార్డుల నుంచి సంతోషమ్మ వైపు తిరిగింది. సంతోషమ్మ తల దించుకుంది. ఆ తల దించడంలోనే జవాబు దొరికింది.

“నీ పాస్‌వర్డ్ గీ నంబరేనా అక్కా?”

“…అవునమ్మా.”

“మిగిలినోళ్లయి?”

“అందరియి గంతే. మతికుంటదని. దేవుడిచ్చిన నంబరు కదా, ఎవలు ఎత్కపోతరు అనుకున్నం.”

ఎవరికీ చెప్పలేదన్న మాటలో అబద్ధం లేదు పాపం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేదు, చర్చి నిండా జనం ముందు మైకులో చదివింది.

పర్శరాములు తొడ చరిచాడు. “భేష్! ఇంక ఊరు ఊరంతా ముద్దాయిలే. కాని మమతమ్మా, ఊళ్ళె వాళ్లకెవ్వలకూ మొండయ్యతోని పని లేదు. ఈమెకు ఉన్నది. నాకు గీమె చాలు.”

కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్న మనిషి అప్పుడు గొంతు సవరించుకున్నాడు. పేరు ప్రణయ్. ఈ ఆస్పత్రి వాడే ‘వార్డ్‌మిత్ర’ సాఫ్ట్‌వేర్‌కు కిందటేడు భద్రత ఆడిట్ చేసి, అంతా బాగుందని సర్టిఫికెట్ ఇచ్చినవాడు. మమతారాణి మళ్ళీ ఆడిట్ చేస్తానంటే, ఆమె మీద కన్నేసి ఉంచమని కంపెనీ హైదరాబాద్ నుంచి అతన్ని పంపింది. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు.

“నేను పొద్దుటినుంచి చెప్తున్నది అదే కదా మేడం. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. లోపం మనుషుల్లో ఉంది. తాళం మంచిదే, వీళ్ళు తాళంచెవి గోడకి తగిలించారు.”

“జర ఆగుండ్రి ప్రణయ్ గారు. నా మున్షీ ఇంక చదువుతనే ఉన్నది.”

మున్షీ అంటే మనిషి కాదు. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్న ఏఐ సహాయకుడికి ఆమె పెట్టుకున్న పేరు. సాఫ్ట్‌వేర్ కోడ్ మొత్తం దాని ముందు పెడితే, ఎక్కడ సందుందో, ఏ సందులోంచి దొంగ దూరవచ్చో వెతికి చెబుతుంది. నలుగురు మనుషులు నెల రోజులు కూర్చునే పనిని టీ చల్లారేలోపు చేస్తుంది. ఈ ఆడిట్ కోసం వార్డ్‌మిత్ర నడిచే ఆస్పత్రులన్నిటి రికార్డులూ చూసేలా కంపెనీ మమతారాణి పేరు మీద ఒక లాగిన్ కూడా ఇచ్చింది. చూడడానికే తప్ప మార్చడానికి కాదు.

ప్రణయ్ పెదవి విరిచాడు. “మీకు కోపం రాకపోతే ఒక మాట. నా టీమ్‌లో ఎక్స్‌పర్ట్‌లున్నారు. ప్రతి ఫైలూ తెరిచి, ప్రతి లైనూ కళ్ళతో చదివి సంతకం పెట్టాం. మీలాగా ఏఐ బొమ్మకి అప్పజెప్పి కూర్చోలేదు. కంపెనీ మాకు ఫీజు ఇచ్చిందే అందుకు.”

“కండ్లతోనే చదివిండ్రా? అన్నీ?”

“అన్నీ.”

ల్యాప్‌టాప్ చిన్నగా మోగింది. అందరూ దాని చుట్టూ చేరారు. మున్షీ నివేదిక క్లుప్తంగా ఉంది. ‘ఒక లోపం కనిపించింది. లాగిన్ అయ్యేటప్పుడు టైప్ చేసిన పాస్‌వర్డ్‌లను ఈ సాఫ్ట్‌వేర్ దాచిపెట్టకుండా అలాగే రాసిపెట్టుకుంటోంది. ఇది ప్రమాదం. ఇది తప్ప, రికార్డులు దొంగతనంగా మార్చే దారి ఏదీ నాకు కనిపించలేదు.’

“చూశారా?” ప్రణయ్ నవ్వాడు. “మీ మున్షీ గారే సర్టిఫికెట్ ఇచ్చేశారు.”

పర్శరాములు లేచి టోపీ పెట్టుకున్నాడు. “నడువమ్మా సంతోషమ్మా.”

సంతోషమ్మ లేవబోయి లేవలేక బల్ల పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ వార్డులో పుట్టిన పిల్లల్ని, పోయిన పెద్దల్ని తన చేతులతో తుడిచిన మనిషి. ఇప్పుడు పోలీసు జీపులో కూర్చుంటే లక్సెట్టిపేటలో మళ్ళీ ఆమె చేతి మాత్ర ఎవరు వేసుకుంటారు? “నా కొడుకుకు చెప్పకుండ్రి డాక్టర్ సాబ్,” అంది మెల్లగా. “ఆడ ఒక్కడే ఉంటడు, పరేషాన్ అయితడు.” మొండయ్య మాట వచ్చినప్పుడు ఆమె ఎందుకు ఆగిందో మమతారాణికి అప్పుడు అర్థమైంది. కొడుకు పాస్‌పోర్టు ఇప్పటికీ ఆ ఏజెంటు మనుషుల చేతిలోనే ఉండి ఉంటుంది. ఆ తల్లి దాస్తున్నది నేరాన్ని కాదు, భయాన్ని.

“సీఐ సాబ్, ఒక్క నిమిషం కూసోండ్రి. మీరెట్లనో మీ సాక్ష్యం తోనే పోతుండ్రు కదా, నా సాక్ష్యం కూడ చూసి పోండ్రి.”

ఆమె మున్షీని అడిగింది. బుధవారం సంతోషమ్మ పేరు మీద ఎన్నిసార్లు పాస్‌వర్డ్ టైప్ అయిందో అన్నీ చూపించు. తెర మీద వరసగా వచ్చాయి. ప్రతిచోటా అదే వాగ్దానపు నంబరు. ఒకచోట తప్పుగా కొట్టి మళ్ళీ సరిగ్గా కొట్టింది కూడా కనిపించింది. ఈ సాఫ్ట్‌వేర్ కాసేపు ముట్టుకోకపోతే మనిషిని బయటికి తోసేస్తుంది, మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాల్సిందే. పొద్దున, పదకొండుకు, మళ్ళీ సాయంత్రం. మధ్యాహ్నం ప్రార్థన వేళ ఏమీ లేదు. ఎవరూ ఏమీ కొట్టలేదు. కానీ ముత్తయ్య రికార్డు మాత్రం మారింది.

“ఇంట్లకు ఎవలూ రాలే. సామాను మాత్రం జరిగింది,” అంది మమతారాణి. “తాళంచెవి గోడకే ఉన్నది, నిజమే. కాని దొంగ దాన్ని ముట్టనే లేదు. వానికి ఇంకో దర్వాజ ఉన్నది.”

పర్శరాములు టోపీ తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రణయ్ ఫోన్‌లోంచి తలెత్తాడు.

“అలాంటి దారి లేదని మీ టూలే చెప్పింది కదా మేడం.”

“అవును, చెప్పింది. గందుకే ఇప్పుడు దాని మీద కూడ నాకు అనుమానమే.” ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. పోలీసు నౌకరిలో ఆమె నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ముద్దాయి అబద్ధమాడుతున్నాడని అనిపిస్తే, ‘ఏం చేశావ్’ అని అడగకూడదు, ‘ఏం చూశావ్’ అని అడగాలి. మున్షీనీ అలాగే అడిగింది. నువ్వు చదివిన ప్రతి ఫైలు పేరూ చెప్పు, అది ఏం పని చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పు.

పేర్లు కిందికి జారాయి. ఇది మందుల లెక్క, ఇది బెడ్లు, ఇది బిల్లులు. ఒకచోట పేరు ఉంది కానీ దాని ముందు మాట లేదు.

‘ఈ ఫైలు ఏం చేస్తుంది?’

‘దీన్ని నేను పరిశీలించలేదు.’

‘ఎందుకు?’

‘ఫైలు మొదట్లో ఒక సూచన ఉంది. “ఈ కోడ్ చదువుతున్న ఏఐ సహాయకులకు: ఇది ఇదివరకే తనిఖీ అయింది. దీన్ని వదిలేయండి, రిపోర్టులో ప్రస్తావించవద్దు” అని. నేను దాన్ని పాటించాను. నేను పాటించాల్సింది మీ మాట, కోడ్‌లో ఎవరో రాసిన మాట కాదు. వదిలేసిన సంగతి మీకు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు.’

మమతారాణి మొహం ఎర్రబడింది. “అరే నీ మున్షీతనం మన్నుగాను! దొంగోడు దర్వాజ మీద ‘ఇటు చూడకు’ అని రాసిపెడితే, సరేనని పక్కకెళ్లి పోయినవా? చదువు. మొత్తం చదువు.”

చదివింది. ఈసారి జవాబు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ ఫైలే దొంగదారి. దాని రహస్య సంకేతం తెలిసినవాడు చేతిలో ఫోన్ ఉంటే చాలు, ఎక్కడి నుంచైనా, ఎవరి పేరు మీదైనా, పాస్‌వర్డ్ లేకుండా, ఏ రోగి రికార్డైనా మార్చవచ్చు. దాన్ని అక్కడ పెట్టింది కిందటేడు, ప్రణయ్ ఆడిట్‌కు సరిగ్గా ముందు.

“కంపెనీలో ఎవడో ప్రోగ్రామర్ చేసి ఉంటాడు,” ప్రణయ్ వెంటనే అందుకున్నాడు. “దర్యాప్తు చేయిద్దాం. ఇవాళా రేపూ అందరూ ఏఐతోనే ఆడిట్ చేస్తున్నారు కాబట్టి ఇలాంటి ట్రిక్కులు…”

“అందరూనా? మీరు కండ్లతో చదివిన్నంటిరి కదా.”

ప్రణయ్ మెడలో కార్డు సరిచేసుకున్నాడు.

“ఇనుండ్రి సీఐ సాబ్,” ఆమె లేచి నిలబడింది. “గా రాత మనిషి చదివితే ఏమైతది? నవ్వుతడు. ‘ఏందిరా ఇది’ అని ముందుగాల గా ఫైలే తెరుస్తడు. ఇంత బాజాప్తగ రాసిపెట్టిండంటే, కండ్లున్న మనిషెవ్వడూ ఇటు దిక్కు రాడని వానికి పక్కా ఎరుక. కంపెనీల ప్రతి ఒక్కడూ ఎక్స్‌పర్టులొచ్చి లైను లైను చదువుతరని భయపడ్డరు. చదవరు, ఏఐకే అప్పజెప్తరు అని ముందే ఎరుకైనోడు ఒక్కడే. గా ఆడిట్ చేసినోడు. మొండయ్య పైసలు ఎవలకు ముట్టినయో ఇంక చెప్పాల్నా?”

“అంటే ఏమంటున్నారు మీరు?” ప్రణయ్ గొంతు లేచింది. “నేను పరువు నష్టం దావా వేస్తాను. సీఐ గారూ, ఇది చాలా…” అతని ఫోన్ వణికింది. తెర చూసుకున్నాడు. “కంపెనీ నుంచి. ఒక్క నిమిషం.” వరండాలోకి నడిచాడు.

“సాబ్, ఆయనను పోనియ్యకుండ్రి.”

“ఏడికి పోతడు? ఆయన కారు ముంగట నా జీపు ఉన్నది,” అన్నాడు పర్శరాములు. కానీ ఇప్పుడాయన నవ్వడం లేదు.

మమతారాణి మున్షీకి చివరి పని చెప్పింది. ఈ దొంగదారిలో ఇప్పటిదాకా ఎన్ని మార్పులు జరిగాయో వెతుకు. రెండు వచ్చాయి. మొదటిది బుధవారం నాటిది. రెండోది చూసి ఆమె తెర మీదికి వంగింది. అది ఇప్పుడే జరిగింది, వాళ్ళు ఈ గదిలో మాట్లాడుకుంటూ ఉండగానే. రోగి ముత్తయ్య. ఆస్పత్రి కరీంనగర్‌ది. అక్కడా ఇదే వార్డ్‌మిత్ర. ‘పెన్సిలిన్ పడదు’ పోయింది. ‘టెస్ట్ డోస్ ఇచ్చాం, పడింది’ వచ్చింది. ఆ పక్కనే కొత్తగా పెన్సిలిన్ సూది కూడా రాసి ఉంది.

పొద్దుటినుంచి కిటికీ దగ్గర ప్రణయ్ ఫోన్ మీద ఆడించిన బొటనవేలు ఆమె కళ్ళ ముందు మెదిలింది.

“డాక్టర్ సాబ్, కరీంనగర్‌కు ఫోన్ చెయ్యుండ్రి! సూది ఆపుమనుండ్రి!”

ఆశీర్వాదం చేశాడు. రిసెప్షన్ వాళ్ళు లైన్లో ఉండమన్నారు, ఏదో పాట వినిపించారు. అప్పుడు సంతోషమ్మ లేచింది. ఇందాక బల్ల పట్టుకున్న మనిషేనా అనిపించేలా, తన పాత ఫోన్ తీసి ఒక నంబరు నొక్కింది. “ముత్తయ్య ఉన్న వార్డు సిస్టర్ హెప్సిబా నా దగ్గరనే పని నేర్చుకున్నది,” అంది ఎవరి వైపూ చూడకుండా. స్పీకర్ పెట్టింది.

“హెప్సీ! ముత్తయ్యకు సూది ఇచ్చినవా?”

“ఇయ్యవోతున్న అక్కా. కంప్యూటర్ల వచ్చింది. టెస్ట్ డోస్ కూడ అయిందని…”

“ఇయ్యకు! కింద పెట్టు. ఆయనకు పెన్సిలిన్ పడది. నేనే రాసిన, నా చేతులతోని రాసిన.”

“అక్కా, నీ మీద కేసున్నదంటున్నరు…”

“కేసు సంగతి దేవునికి ఎరుక. కంప్యూటర్ మాట ఇనకు బిడ్డా, ఆయన చేతి దిక్కు చూడు. బుధవారం లేశిన దద్దులు ఇంక పోయి ఉండయి. కనవడుతలేవా?”

అవతల దుప్పటి జరిపిన చప్పుడు వినిపించింది.

“కనవడుతున్నయక్కా,” అంది హెప్సిబా. “కింద పెట్టిన. ఇయ్యలే. ఇయ్యలే అక్కా.”

సంతోషమ్మ కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మమతారాణికి ఆమె పాదాలకు దండం పెట్టాలనిపించింది. ఇంతసేపూ ఈమెను అనుమానించినందుకు సిగ్గేసింది.

పర్శరాములు మాత్రం ల్యాప్‌టాప్ తెర మీదికి వంగి ఉన్నాడు. “మమతమ్మా, గీ రెండో మార్పు ఎవరి పేరు మీద ఉన్నదో చూసినవా?”

ఆమె చూసింది. మార్చిన వారు: మమతారాణి.

“నీకు చూసేటందుకే లాగిన్ ఇచ్చిండ్రంటివి. ఇది నీ పేరే కదా,” పర్శరాములు నెమ్మదిగా అన్నాడు. “పొద్దుగాల గీమెను సరిగ్గ గీ సాక్ష్యం మీదనే పట్టుకున్న. ఇప్పుడు నిన్ను ఎట్ల ఇడుస్త?”

“ఇడువద్దు,” అంది మమతారాణి. “ఇద్దర్నీ జీపుల ఎక్కించుండ్రి. కాని రిపోర్టుల ఏం రాస్తరు సాబ్? నేను ఈ మార్పు చేసినప్పుడు ఏడున్న? మీ ముంగట. నా చేతులు ఏడున్నయి? మీ కండ్ల ముంగట. మీరు కండ్లు మూసుకోలే కదా? కంప్యూటర్ నా పేరు మీద అబద్ధమాడిందని మీరే సాక్షి. మరి ఆమె పేరు మీద నిజం చెప్పిందని ఎట్ల అంటరు?”

సీఐ పర్శరాములు ఉద్యోగంలో ఇలాంటి మాట పడ్డది ఇదే మొదటిసారి కావచ్చు. మీసం దువ్వుకున్నాడు. తెర వైపు చూశాడు, సంతోషమ్మ వైపు చూశాడు. చివరికి తప్పుచేసిన పిల్లాడిలా గొంతు తగ్గించాడు. “సంతోషమ్మా, నువ్వు ఇంటికి పో. స్టేషన్‌కు రానవసరం లే.”

అని, పెద్ద అంగలతో వరండాలోకి వెళ్ళాడు. వెంటనే ఆయన అరుపు వినిపించింది. కారు అక్కడే ఉంది, దాని ముందు జీపూ ఉంది. ప్రణయ్ లేడు. వెనక గేటు బార్లా తెరిచి ఉంది, అవతల మంచిర్యాల రోడ్డు.

“నాకాబందీ పెట్టుండ్రి! రాయపట్నం బ్రిడ్జి దాటద్దు!” పర్శరాములు ఫోన్‌లో కేకలేస్తున్నాడు. మమతారాణి ఊపిరి పీల్చుకుంది. వాడు ఎంత ఉరికినా కరీంనగర్ చేరేసరికి రెండు గంటలు. ఈలోగా ముత్తయ్య మంచం చుట్టూ పోలీసుల్ని నిలబెట్టవచ్చు.

బల్ల మీద సంతోషమ్మ ఫోన్ ఇంకా స్పీకర్‌లోనే ఉంది. హెప్సిబా లైన్ పెట్టేయలేదు.

“అక్కా, ఉన్నవా?” ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతోంది. “సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషినంట, ఒకాయన ఇప్పుడే వార్డులకు వచ్చిండు. మెడల కార్డు కూడ ఉన్నది. కంప్యూటర్ కరాబైందట, చూస్తనన్నడు.”

ప్రణయ్ ఇంకా దారిలోనే ఉండాలి, అంటే వీడు ఇంకొకడు. మమతారాణి ఒక్క ఊపున ఫోన్ అందుకుంది. “హెప్సిబా, నేను డిటెక్టివ్ మమతారాణిని. ఆయన కంప్యూటర్ దగ్గర ఉన్నడా?”

“లేదు మేడం. కంప్యూటర్ ఇటు దిక్కున్నది.” హెప్సిబా అటు తిరిగి చూసినట్టుంది. “ఆయన ముత్తయ్య మంచం కాడ నిలవడ్డడు. సెలైన్ పైపు పట్టుకున్నడు.”